మందు మీద అనుమానమా, కంపెనీ మీద అనుమానమా?

డాక్టరు రాసిన మాత్ర వేసుకునే ముందు, మానే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

మందుల కంపెనీలను, వాటిని అదుపులో పెట్టాల్సిన శాఖలను జనం నమ్మడం మానేశారంటే అందులో వింతేమీ లేదు. 2012 మేలో పార్లమెంటు స్థాయీ సంఘం తన 59వ నివేదికలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థను కడిగి పారేసింది. ఫలానా కొత్త మందుకు అనుమతి ఇవ్వవచ్చంటూ వేర్వేరు ఊళ్ల నిపుణులు పంపిన ఉత్తరాలు ఇంచుమించు మాటకు మాట ఒకేలా ఉన్నాయని, వాటి వెనక కంపెనీల హస్తం కనిపిస్తోందని ఆ సంఘం రాసింది. మరుసటి ఏడు మందుల కంపెనీ రాన్‌బాక్సీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడింది. డాక్టర్లకు కంపెనీలిచ్చే కానుకల ఖర్చు మీద పన్ను మినహాయింపు చెల్లదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఖర్చంతా చివరికి రోగి కొనే మందు ధరలోనే తేలుతుందని కూడా అంది.

ఇక 2025 శరత్కాలం. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగిన పిల్లలు 20 మందికి పైగా కిడ్నీలు పాడై చనిపోయారు. తమ దగ్గర పరీక్షించిన నమూనాల్లో విషం లేదని కేంద్రం మొదట ప్రకటించింది. ఆ వెంటనే తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్, ఆ పిల్లలు తాగిన, కాంచీపురంలో తయారైన కోల్డ్రిఫ్ సిరప్ ఎస్ఆర్-13 బ్యాచ్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని తేల్చింది. సిరప్‌లో అది 0.1 శాతానికి మించకూడదు.

ఇవన్నీ తెలిసినవారికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? చిక్కంతా ఆ అనుమానంతో మనం చేసే పనిలోనే ఉంది. ఎవరో కంపెనీవాళ్లు అబద్ధమాడారని బీపీ మాత్ర మానేస్తే కంపెనీకి తగ్గేది నెలకు ఒక స్ట్రిప్ అమ్మకం. పక్షవాతం వచ్చేది మాత్రం మనకు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. ‘కంపెనీ మోసం చేసింది’ అన్నది నిజమే కావచ్చు. అంతమాత్రాన ‘ఈ మాత్ర నాకు వద్దు’ అనే నిర్ణయం దానంతటదే రాదు. ఆ రెంటికీ నడుమ కొన్ని ప్రశ్నలకు జవాబులు రావాలి.

ముందు అనుమానాన్ని విడదీయండి

‘ఈ మందుల్ని నమ్మలేం’ అనే ఒక్క మాటలో నాలుగు అనుమానాలు కలిసిపోయి ఉంటాయి.

* సరుకు మీద అనుమానం: నా చేతిలో ఉన్న ఈ సీసా, ఈ స్ట్రిప్ అసలుదా, నకిలీదా, కల్తీదా? దీన్ని బ్యాచ్ నంబరు తేలుస్తుంది.
* తయారీదారు మీద అనుమానం: ఈ ఫ్యాక్టరీ శుభ్రంగా, కొలత ప్రకారం తయారు చేస్తుందా? అనుమానం ఉంటే అదే మందును ఇంకో కంపెనీది తీసుకోవచ్చు. మందునే మానేయనక్కర్లేదు.
* మందు మీదే అనుమానం: ఎవరు తయారు చేసినా ఈ రసాయనం వల్ల మేలెంత, కీడెంత? దీనికి పరీక్షల అంకెలు చూడాలి.
* అవసరం మీద అనుమానం: మందు మంచిదే కావచ్చు, అది నాకు కావాలా? దీన్ని రాసిన డాక్టరునో, ఇంకో డాక్టరునో అడగాలి.

కోల్డ్రిఫ్ మొదటి రెండు రకాల కిందికి వస్తుంది. ఆ సిరప్‌లో ఉండాల్సిన మందులు చంపలేదు, వాటిని కరిగించిన ద్రవంలో కలిసిన విషం చంపింది. ఆ వార్త చదివి ఇంట్లో పెద్దాయన షుగరు మాత్ర ఆపేస్తే, సరుకు మీది అనుమానానికి అవసరం మీది నిర్ణయం తీసుకున్నట్టు. ఈ నాలుగింటినీ కలిపేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. కింద చెప్పేవన్నీ వీటిని విడివిడిగా తేల్చుకోవడానికి దారులు.

చేయవలసినవి

1. స్ట్రిప్ చివరి ముక్కను వదలకండి

మందుల షాపులో ఐదు మాత్రలు అడిగితే కత్తెరతో స్ట్రిప్ కోసి ఇస్తారు. బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు తేదీ స్ట్రిప్‌కు ఒక కొసనే ముద్రించి ఉంటాయి. మీ చేతికొచ్చిన ముక్క మీద తరచు బ్రాండు పేరులో సగం, వెండి రేకు తప్ప ఏమీ మిగలదు. రేపు ఫలానా బ్యాచ్ పనికిరాదని వార్త వస్తే మీ దగ్గరున్నది అదేనో కాదో తెలుసుకునే దారి ఉండదు.

అందుకే కోసే ముందే స్ట్రిప్ రెండు వైపులా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. లేదా ఆ కొస ఉన్న ముక్కే ఇమ్మనండి. బిల్లు తప్పకుండా అడగండి, దాని మీద బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. బిల్లు ఇవ్వని షాపు పది శాతం తగ్గించినా అది లాభం కాదు.

ఫొటో తీసేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. పెద్ద అక్షరాల్లో కనిపించే కంపెనీ పేరు చాలాసార్లు అమ్మేవారిది. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటాయి. పెద్ద పేరున్న బ్రాండును వేరే రాష్ట్రంలోని చిన్న ఫ్యాక్టరీ తయారు చేసి ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. 2023 ఆగస్టు నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలన్న నిబంధన వచ్చింది. స్కాన్ చేస్తే మందు అసలు పేరు, తయారీదారు, బ్యాచ్, గడువు కనిపించాలి. తెరమీది వివరాలు స్ట్రిప్ మీదివాటితో సరిపోలకపోతే ఆ మాత్ర వేసుకోకండి.

కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నాణ్యత పరీక్షలో తప్పిన మందుల జాబితాను నెలనెలా తన వెబ్‌సైట్లో పెడుతుంది. అందులో బ్యాచ్ నంబరు కూడా ఉంటుంది. మీరు దాచిన ఫొటో అక్కడ పనికొస్తుంది.

2. ‘రెట్టింపు’ అన్నప్పుడు ‘ఎంతకు రెట్టింపు?’ అని అడగండి

కీళ్ల నొప్పులకు మెర్క్ కంపెనీ 1999లో రోఫెకాక్సిబ్ అనే మాత్రను వయాక్స్ పేరుతో అమెరికాలో తెచ్చింది. మరుసటి ఏడాది వెలువడిన పెద్ద పరీక్షలో, నాప్రోక్సెన్ అనే పాత మాత్ర వేసుకున్నవారికంటే దీన్ని వేసుకున్నవారిలో గుండెపోట్లు ఎక్కువ కనిపించాయి. నాప్రోక్సెన్ గుండెను కాపాడింది కాబట్టే ఆ తేడా వచ్చిందని కంపెనీ సర్దిచెప్పింది. ఆ పరీక్ష వ్యాసంలో మూడు గుండెపోట్లు లెక్కకు రాలేదని దాన్ని ప్రచురించిన వైద్య పత్రికే 2005 డిసెంబరులో ఆక్షేపించింది.

అప్పటికే మందు మార్కెట్లో లేదు. మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన ఇంకో పరీక్షలో నిజం తేలడంతో 2004 సెప్టెంబరు 30న కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. మన దేశంలో అదే ఏడాది డిసెంబరులో నిషేధించారు. ఆ పరీక్షలో 100 మంది ఏడాది వాడితే గుండెపోటు, పక్షవాతం వంటివి ఉత్తుత్తి మాత్రవారిలో 0.78, మందువారిలో 1.50. పత్రికల్లో వచ్చిన మాట ‘ముప్పు రెట్టింపు’. లెక్కలో చూస్తే వెయ్యి మందికి ఏడాదికి సుమారు 8 ఉండేది 15 అయింది.

రెండు మాటలూ నిజమే. వెయ్యికి ఏడంటే ఒక మనిషికి చిన్న అంకెలా కనిపిస్తుంది. లక్షల మంది మింగినప్పుడు అదే వేల గుండెపోట్లు, పక్షవాతాలు అవుతుంది. పైగా మోకాలి నొప్పికి అంతే ఉపశమనమిచ్చే పాత మాత్రలు ఉండగా ఆ ఏడుగురి ముప్పు కూడా అక్కర్లేనిదే. ఇదే అంకె ప్రాణాలు నిలిపే క్యాన్సర్ మందుకు ఉంటే ఎవరూ వెనకాడరు. కాబట్టి కీడు అంకెను ఒంటరిగా చూడకూడదు. మేలు అంకెను దాని పక్కనే ఉంచి, రెంటినీ ‘వెయ్యి మందిలో ఎందరు’ అనే ఒకే కొలతలో చూడాలి. కంపెనీలు మేలును ‘సగానికి తగ్గిస్తుంది’ అని శాతాల్లో, కీడును ‘అరుదు’ అని మాటల్లో చెబుతాయి. మందుల్ని తిట్టేవాళ్లు ఇదే పని తిరగేసి చేస్తారు.

మందు కరపత్రంలోని మాటలకు కూడా లెక్కలున్నాయి. అంతర్జాతీయంగా వాడే కొలత ప్రకారం ‘చాలా సాధారణం’ అంటే పది మందిలో ఒకరికి పైగా. ‘సాధారణం’ అంటే వందలో ఒకరి నుంచి పదిలో ఒకరి దాకా. ‘అరుదు’ అంటే పదివేలలో ఒకరి నుంచి వెయ్యిలో ఒకరి దాకా.

3. మానితే వచ్చే ముప్పును కూడా తూచండి

2018లో బీపీకి వాడే వల్సార్టాన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ వంటి, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినాలు బయటపడ్డాయి. చైనా ఫ్యాక్టరీతో మొదలై హైదరాబాద్ కంపెనీలైన హెటెరో, అరబిందోల సరుకును కూడా అమెరికాలో వెనక్కి పిలిచారు. గుండె జారిపోయే వార్తే. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ వేసిన అంచనా ఏమిటంటే: 8,000 మంది ఆ పాడైన మందును అత్యధిక మోతాదులో, అంటే రోజుకు 320 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగేళ్లూ వేసుకుంటే వారందరి జీవితకాలంలో ఒక్క క్యాన్సర్ అదనంగా రావచ్చు. అందుకే మందు మార్చుకోమంది కానీ, మారు మందు చేతికి వచ్చేదాకా ఉన్నది ఆపొద్దంది. బీపీ మాత్ర ఉన్నపళంగా ఆపితే వచ్చే ముప్పు అంతకంటే పెద్దది.

ఎఫ్‌డీఏ మాట నమ్మబుద్ధి కాకపోతే ఆ అంకెను పదింతలు చేసి చూడండి. 800 మందిలో ఒకరు, అదీ జీవితకాలంలో. మందు లేని అధిక రక్తపోటు తెచ్చే ముప్పుతో పోల్చి చూస్తే అప్పటికీ తక్కెడ మాత్ర మానడం వైపు మొగ్గదు. చెప్పేవారి మీద నమ్మకం లేనప్పుడు వారి అంకెను పెంచి చూసినా నిర్ణయం మారుతుందా అని పరీక్షించుకోవడం మంచి పద్ధతి. మారకపోతే నమ్మకం గొడవ పక్కన పెట్టవచ్చు. మారితే మాత్రం ఇంకో డాక్టరును కలవాల్సిందే.

4. డాక్టరును సూటిగా, మర్యాదగా అడగండి

ఓపీలో మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. ప్రశ్నలు ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

* ‘డాక్టరు గారూ, ఈ మాత్ర దేనికి? ఎన్నాళ్లు వాడాలి?’
* ‘ఇది వేసుకోకపోతే నాకేమవుతుంది?’
* ‘ఏం కనిపిస్తే మీకు వెంటనే ఫోన్ చేయాలి?’
* ‘ఇదే పని చేసే పాత మందు, తక్కువ ధరది ఏదైనా ఉందా?’
* ‘పని చేస్తోందని ఎప్పుడు, ఏ పరీక్షతో తెలుస్తుంది?’

‘సైడ్ ఎఫెక్టులు ఉంటాయా?’ అని అడిగితే ‘ఏమీ ఉండవమ్మా, వేసుకోండి’ అనే జవాబొస్తుంది. ‘ఏం కనిపిస్తే చెప్పాలి?’ అంటే ఆయన కచ్చితంగా ఏదో ఒకటి చెప్పాలి. ప్రశ్నలు అడిగినందుకు విసుక్కున్నా, జవాబు చెప్పకపోయినా రెండో అభిప్రాయం తీసుకోండి. ఆపరేషన్‌కే కాదు, జీవితాంతం వాడాల్సిన మాత్రకు కూడా రెండో అభిప్రాయం అడగవచ్చు.

5. కొత్త మందైతే తొందరపడకండి

అనుమతికి ముందు పరీక్షల్లో పాల్గొనేది మహా అయితే కొన్ని వేల మంది. 3,000 మందికి ఇచ్చి ఒక్కరికీ ఏమీ కాకపోయినా, వెయ్యిలో ఒకరికి వచ్చే కీడు అందులో దాగి ఉండవచ్చని గణాంక శాస్త్రం చెబుతుంది. అది మార్కెట్లోకి వచ్చాక లక్షల మంది వాడితేనే తేలుతుంది. అందుకే అమెరికాలో పబ్లిక్ సిటిజన్ అనే వినియోగదారుల సంస్థ, పాతవాటికంటే నిజంగా మెరుగైన మందు అయితే తప్ప, ఏ కొత్త మందైనా వచ్చి ఏడేళ్లయ్యేదాకా వాడొద్దని సలహా ఇస్తుంది. వయాక్స్ ఐదేళ్లకే వెళ్లిపోయింది.

మన దగ్గర 2022లో ప్రకటించిన జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో 384 మందులున్నాయి. బీపీ, షుగరు, థైరాయిడ్, మూర్ఛ, ఉబ్బసం వంటి రోజువారీ జబ్బులకు ఏళ్లుగా వాడి చూసిన మందులు అందులో దొరుకుతాయి. మీకు రాసింది అందులో లేనంత మాత్రాన చెడ్డదని కాదు. ‘ఆ జాబితాలోది సరిపోదా?’ అని అడగడానికి అది మంచి ఆధారం.

6. లోపలికి వెళ్లేవన్నీ ఒకే కాగితం మీద రాయండి

గుండె డాక్టరు రాసినవి, మోకాళ్ల డాక్టరు రాసినవి, షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర, ఊళ్లో ఆర్ఎంపీ వేసిన ఇంజెక్షన్, బంధువులు పంపిన ఆయుర్వేద పొడి: అన్నీ రాయాలి. ఒక్కో మందు విడిగా మంచిదే అయినా కలిస్తే చెడ్డవి కావచ్చు. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్‌తో కొన్ని యాంటీబయాటిక్‌లు కలిస్తే రక్తస్రావం అవుతుంది. బీపీ మాత్రలతో పాటు రోజూ డైక్లోఫెనాక్ వంటివి మింగితే బీపీ అదుపు తప్పి కిడ్నీల మీద భారం పడుతుంది.

బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు, మోతాదు రాయండి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఇది మరీ అవసరం. ఇక్కడి బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. ఇక్కడ రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా అమ్మేవి చాలావరకు అక్కడ ఉండవు. మన దేశంలోనే కేంద్రం 2018లో 328, 2024 ఆగస్టులో 156 మిశ్రమ మందులను నిషేధించింది. మీ జాబితాలో మిశ్రమ మాత్ర ఉంటే, అందులోని మందులన్నీ మీకు కావాల్సినవేనా అని అడగండి.

7. ఇబ్బంది వస్తే తేదీతో రాసుకోండి

రామిప్రిల్, ఎనలాప్రిల్ వల్ల పొడి దగ్గు, ఆమ్లోడిపిన్ వల్ల పాదాల వాపు, మెట్‌ఫార్మిన్ వల్ల మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు మామూలుగా కనిపించేవే. మోతాదు మార్చినా, మందు మార్చినా తగ్గుతాయి. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నో రోజున ఇబ్బంది మొదలైంది, పూట తప్పినప్పుడు తగ్గిందా అని రాసి ఉంటే డాక్టరు పని సులువవుతుంది.

రాసుకోవడంలో ఇంకో లాభం ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వారు 2020లో ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర పడక మానేసిన 60 మందికి ఏడాదికి సరిపడా పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింట్లో అసలు మాత్ర, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ సీసాలు. ఏది అసలుదో, ఏది ఉత్తుత్తిదో వారికి తెలియదు. బాధ ఎంతుందో వందకు ఎన్ని మార్కులో రోజూ ఫోన్లో నమోదు చేయమన్నారు. ఖాళీ నెలల్లో సగటు 8 మార్కులు. స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4. ఆ బాధ కల్పితం కాదు, నిజంగానే ఉంది. దానిలో ఎక్కువ భాగం మాత్ర వేసుకుంటున్నామన్న భయం నుంచి వచ్చింది, మందు నుంచి కాదు. ఈ సంగతి చెప్పాక వారిలో సగం మంది తిరిగి మాత్ర మొదలుపెట్టారు. అయితే స్టాటిన్ వాడేవారిలో కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే అది భయం కాదు, వెంటనే డాక్టరుకు చూపించాల్సిన లక్షణం.

8. ఫిర్యాదు చేయండి, ఊరుకోకండి

మందు వల్ల కీడు జరిగిందనిపిస్తే నివేదించడానికి మీరు డాక్టరే కానక్కర్లేదు, మందే కారణమని రుజువు చేయనక్కర్లేదు. భారత ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024. వినియోగదారుల ఫారం తెలుగులో కూడా ఉంది. చాలా ప్రభుత్వ వైద్య కళాశాలల్లో దీనికి కేంద్రాలున్నాయి. రోగి పేరులోని పొడి అక్షరాలు, మందు పేరు, బ్యాచ్, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది అనేవి రాస్తే చాలు. నకిలీ అనో, కల్తీ అనో అనుమానం ఉంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు చెప్పాలి. తెలంగాణలో ఆ నంబరు 1800-599-6969. మిగిలిన మందును పారేయకుండా విడిగా దాచి ఉంచండి, పరీక్షకు కావాలి. శాఖలు పని చేయడం లేదని అనుకునేవారు ఈ పని మరీ తప్పకుండా చేయాలి. కాగితం మీదికి ఎక్కని కీడును ఏ పార్లమెంటు సంఘమూ, ఏ కోర్టూ నిలదీయలేదు.

చేయకూడనివి

1. కొన్ని మందులను ఉన్నపళంగా ఆపకండి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ మాత్రలు, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి గుండె మాత్రలు, క్లోనిడిన్, మూర్ఛ మందులు, డిప్రెషన్ మందులు, నిద్ర మాత్రలు, ఇన్సులిన్, స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఈ కోవలోనివి. మానాలనే నిర్ణయించుకున్నా ‘ఎలా తగ్గించుకుంటూ రావాలి?’ అని డాక్టరును అడిగి మానండి. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి ఇంట్లోవాళ్లకు కూడా అంటుకుంటుంది.

2. తర్వాత జరిగింది కాబట్టి దానివల్లే జరిగిందనుకోకండి. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. ఆశ్రమ పాఠశాలల్లో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. ఖమ్మంతో పాటు గుజరాత్‌లోనూ సాగిన ఈ కార్యక్రమంలో ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్లో దాన్ని ఆపేశారు. విచారణలో బయటపడిన కారణాలు నీట మునగడం, పాము కాటు, పురుగుల మందు తాగడం, మలేరియా వంటివి. టీకాకు సంబంధం ఉన్నట్టు కనపడలేదు. అనుమతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. గిరిజన పిల్లల విషయంలో జరిగింది అన్యాయమే. టీకా చంపిందన్నది మాత్రం నిజం కాదు. ఈ రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా కథ సగమే చెప్పినట్టు. దుష్ఫలితాల నివేదికల సంఖ్య చూపించి ‘ఇంతమందిని చంపింది’ అనే పోస్టులు వచ్చినప్పుడు ఖమ్మాన్ని గుర్తుంచుకోండి.

3. నిషేధం వార్త చూసి సొంతంగా నిర్ణయం తీసుకోకండి. షుగరుకు వాడే పయోగ్లిటాజోన్‌ను మూత్రాశయ క్యాన్సర్ భయంతో 2013 జూన్‌లో కేంద్రం ఆపేసింది. జులై ఆఖరున, పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో తిరిగి అనుమతించింది. ఆరు వారాల్లో రెండు మాటలు చెప్పిన ప్రభుత్వాన్ని తప్పుపట్టవచ్చు. ఆ ఆరు వారాలూ షుగరు మాత్ర లేకుండా గడిపితే మాత్రం ఒంటికే చేటు. అలాంటి వార్త వచ్చిన రోజే డాక్టరుకు ఫోన్ చేసి ‘దీని బదులు ఏం వేసుకోమంటారు?’ అని అడగండి.

4. ‘సైడ్ ఎఫెక్టులు అసలే ఉండవు’ అనే దేన్నీ కొనకండి. ఒంటి మీద పని చేసే ప్రతిదానికీ ఏదో ఒక దుష్ఫలితం ఉంటుంది. కీళ్ల నొప్పులు రాత్రికి రాత్రి తగ్గించే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. షుగరును, బీపీని శాశ్వతంగా పోగొడతామనే ప్రకటనలు 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరం. 2024లో పతంజలి సంస్థ ఇలాంటి ప్రకటనల కేసులో సుప్రీంకోర్టు ముందు నిలబడి పత్రికల్లో క్షమాపణ ప్రచురించాల్సి వచ్చింది. మందుల కంపెనీల మీద మనకున్న కోపం కూడా ఒక మార్కెట్టే. ఆ కోపాన్ని రాజేసేవారు వీడియో చివర ఏం అమ్ముతున్నారో చూడండి. ‘ఎవరికి లాభం?’ అనే ప్రశ్న పెద్ద కంపెనీకి వేస్తే యూట్యూబ్ వైద్యుడికి కూడా వేయాలి.

5. పసిపిల్లలకు షాపులో అడిగి దగ్గు మందు తేకండి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచించింది. ఐదేళ్లలోపు వారికి కూడా మామూలుగా వీటిని సిఫారసు చేయరు. పిల్లల జలుబు చాలావరకు తనంతట తగ్గిపోతుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వకూడదని 2011 నుంచి నిషేధం ఉంది. పెద్దలకు తెచ్చిన జ్వరం మాత్రను ముక్క చేసి పిల్లలకు వేయకండి.

6. ఇంకొకరి చీటీతో, మీ పాత చీటీతో మందు కొనకండి. ఎడమ పక్క ఎర్ర గీత ఉన్న స్ట్రిప్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. వదినకు పడిన యాంటీబయాటిక్ మీకు పడుతుందని లేదు. మూడేళ్ల కిందటి మోతాదు ఇప్పటి మీ కిడ్నీలకు ఎక్కువ కావచ్చు.

7. డాక్టరు దగ్గర దాచకండి. చాలామంది మాత్ర మానేసి, తిడతారని ‘వేసుకుంటున్నానండీ’ అంటారు. మందు పని చేయడం లేదనుకుని ఆయన మోతాదు పెంచుతారు, లేదా ఇంకోటి కలుపుతారు. ఏదో ఒక రోజు భయపడి అన్నీ కలిపి వేసుకున్నప్పుడు ప్రమాదం మొదలవుతుంది. మానేశానని, ఎందుకు మానేశానో కూడా చెప్పండి.

వీటికి ఆలోచించకండి, ఆస్పత్రికి వెళ్లండి

మందు మొదలుపెట్టాక కింది లక్షణాల్లో ఏది కనిపించినా అనుమానిస్తున్న ఆ మందు తర్వాతి మోతాదు వేసుకోకుండా, స్ట్రిప్ చేతబట్టుకుని వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

* పెదవులు, నాలుక, ముఖం వాచడం, ఊపిరి అందకపోవడం.
* ఒళ్లంతా దద్దుర్లతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు, చర్మం ఊడటం. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఆలోప్యూరినాల్, సల్ఫా మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.
* కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం. టీబీ మందులు వాడేవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.
* తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి.
* షుగరు మాత్ర వేసుకున్నవారికి చెమటలు, వణుకు, తికమక. ముందు రెండు మూడు చెంచాల చక్కెర నోట్లో వేయండి, మింగగలిగే స్పృహ ఉంటేనే.
* సిరప్ తాగిన పిల్లవాడికి వాంతులు, మూత్రం తగ్గిపోవడం లేదా ఆగిపోవడం.

ఈ ఆదివారం చేయగల పని

ఇంట్లో మందుల డబ్బా బోర్లించండి. గడువు దాటినవి, పేరు తెలియనివి పక్కన తీయండి. మిగిలినవాటికి కాగితం మీద నాలుగు గడులు గీయండి: మందు అసలు పేరు, దేనికి, ఎవరు రాశారు, ఎప్పటిదాకా. పెద్దవాళ్ల మందులకు గడులు నింపేటప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ‘దేనికి’ అన్న గడి ఖాళీగా మిగిలిన మందులు ఎన్నో కొన్ని తేలతాయి. వాటిని మీరే ఆపేయకండి. ఆ కాగితం పట్టుకుని వెళ్లి డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ ఖాళీ గడి గురించే.